చూపునకు సాధన: గట్టుమీది తుత్తురుబెండ

మా ఊరి చెరువుకట్ట దిగి పత్తిచేల వైపు పోవు బాటకు ఎడమప్రక్కన, ఒక నల్లతుమ్మకును పాడువడిన మోటబావికిని నడుమ, నిలువెత్తు తుత్తురుబెండ పొద యెప్పుడును ఒకటి ఉండనే యుండును. ఒక యేడు అది యెండిపోయినను, మరుసటి తొలకరికి దాని గింజల నుండియే మరియొకటి లేచి ఆ స్థలమును ఆక్రమించుకొనును. ఉద్యోగము చేసిన కాలమంతయు నేను ఆ బాటనే నడచితిని. ఎవరైన నన్ను నిలిపి ఆ పొద పూవు ఏ రంగుదని ప్రశ్నించి యుండినచో, తడుముకొనకుండ పసుపుపచ్చనిదని చెప్పి యుందును. అది యెన్ని రేకులది, ఏ వేళ విచ్చును, కాయ యెట్లుండును, ఆకు చేతికి తగిలిన ఎట్లుండునని అడిగి యుండినచో మాత్రము నోట మాట రాకపోయెడిది. బడిలో ముప్పదియేండ్ల పాటు పిల్లలకు "శ్రద్ధగా చూడండిరా" అని చెప్పిన నోరది.

ఏకాగ్రత కుదురుట లేదని నన్నడుగు వారికి నేనిచ్చు సమాధానము ఆ పొద మూలముననే మారినది. పూర్వము దీపశిఖపై దృష్టి నిలుపుడనియు, ఊపిరిని లెక్కింపుడనియు చెప్పుచుంటిని. అవి మంచి సాధనలే. కాని దీపము ముందు కూర్చున్నవాడు కన్నులు అరమోడ్చి రేపటి వడ్డీ లెక్కలు వేసికొనుచున్నను పట్టుకొనువాడు లేడు, తుదకు వానికి వాడే పట్టుబడడు. ఒక మొక్కను చూచి వచ్చి, చూచిన దానిని కాగితముపై పెట్టవలసిన వాడు అట్లు తప్పించుకొనజాలడు. చూడని సంగతిని కాగితము బయటపెట్టివేయును. కావున ఇప్పుడు నేను చెప్పునది యిది: మీరు నిత్యము నడచు దారిలో, ఎవ్వరును నాటని, ఎవ్వరును నీరు పోయని యొక పొదను ఎంచుకొని, దానిని ఒక సంవత్సరము చూడుడు. పూలకుండీలోని గులాబి వద్దు. దానిపై మీకు ఇదివరకే అభిప్రాయమున్నది. కొండలు దాటిపోయి చూడవలసిన అపూర్వవస్తువును వద్దు. మన తుత్తురుబెండకే అబ్యుటిలాన్ రానడీ అను దాయాది యొకటి మహారాష్ట్రమున సహ్యాద్రి పర్వతములందు మాత్రమే పెరుగును. 1894లో శాస్త్రలోకమునకు పరిచయమైన ఆ మొక్క మిగుల అరుదు గనుక, కనబడిన నాడు పండితులు దాని చుట్టు మూగుదురు. అరుదైన దానిని చూచుటకు శ్రద్ధ అక్కరలేదు, దాని అరుదే మన కన్నులను ఈడ్చుకొని పోవును. సాధనకు కావలసినది, మీరు చూడకపోయినను ఎవరును తప్పు పట్టని మొక్క.

ముందుగా పేరును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను, ఏల యనగా చూపునకు తొలి పాఠము పేరులోనే యున్నది. మా వైపు రైతులు తుత్తురుబెండ యందురు, కొందరు ముద్రబెండ యనియు, దువ్వెనకాయల చెట్టనియు అందురు, అరవమున తుత్తి, హిందీలో కంఘీ, అనగా దువ్వెన, వైద్యగ్రంథములందు అతిబల. ఒక్కొక్క పేరు పెట్టినవాడు మొక్కలో ఒక్కొక్క చోట చూచెను: ఆకును పూవును చూచినవాడు బెండ యనెను, పండ్ల వరుసవంటి కాయ అంచును చూచినవాడు దువ్వెన యనెను, ఆ కాయను సిరాలో ముంచి అరచేతిపై అద్దుకొన్న పిల్లవాడు ముద్ర యనెను, గుణమును పరీక్షించిన వైద్యుడు అతిబల యనెను. వీరిలో ఎవ్వడును అబద్ధమాడలేదు, ఎవ్వడును మొక్కనంతను చూడలేదు.

పశ్చిమదేశపు పండితుల కథయు ఇట్టిదే. ఇబ్న్ సీనా యను మహావైద్యుడు ఇటువంటి మొక్కకు వాడిన అరబ్బీ పేరును గ్రహించి, లండను నగరమున చెల్సీ మూలికాతోటను పెంచుచుండిన ఫిలిప్ మిల్లర్ 1754లో ఈ ప్రజాతికి అబ్యుటిలాన్ అని నామకరణము చేసెను. రెండేండ్లకే లిన్నేయస్ మన తుత్తురుబెండను పరిశీలించి, దానిని అందు చేర్పక, చిరుబెండల ప్రజాతియైన సైడాలో కలిపి, సైడా ఇండికా యని వ్రాసికొనెను. 1826లో రాబర్ట్ స్వీట్ దానిని అబ్యుటిలాన్‌లోనికి మార్చువరకు, అనగా డెబ్బదియేండ్ల పాటు, పాపము అది పొరుగువారి యింటిపేరుతోనే చెలామణి యైనది. ఈ తగవు కాయలోని గింజల లెక్కకు సంబంధించినది. మీ గోరితో మీరే తీర్పు చెప్పుకొనవచ్చును. ఎట్లో ముందు వివరించెదను.

అతిబల యన్న పేరు వినగానే మనవారికి బాలకాండము జ్ఞప్తికి వచ్చును. సరయూతీరమున విశ్వామిత్రుడు రామునకు బల, అతిబల యను విద్యలను ఉపదేశించి, వాని ప్రభావమున ఆకలిదప్పులును శ్రమయు బాధింపవని చెప్పెను. మూలికలలో బల యనగా చిరుబెండ, అతిబల యనగా తుత్తురుబెండ. విద్యకును మొక్కకును పేరొక్కటి యగుటచే, ఆకు నూరి త్రాగినచో రెండును కలిసివచ్చునని నమ్మువారు లేకపోలేదు. వైద్యుని చేతిలో అది ఔషధమగును. పుస్తకము చదివి నూరుకొనువాని చేతిలో ఏమగునో నేను పూచీపడజాలను. నేను మిమ్ములను పొదయొద్ద నిలువుమనుచున్నానే గాని, దానిని పెరికి తెచ్చుకొమ్మనుట లేదు.

ఇక నా సాధనలోని మొదటి నెల చరిత్ర చెప్పెదను. అది సిగ్గుపడదగినదే గాని, దానికంటె ఉపయోగమైనది ఈ అధ్యాయములో వేరొకటి లేదు. ఉద్యోగము విరమించిన యేటి కార్తికమాసమున ఒక చిన్న నోటుపుస్తకమును, పెన్సిలును జేబులో వేసికొని, ఉదయపు నడకలో ఆరుగంటలకు పొదయొద్ద నిలిచి వ్రాసితిని: "మొగ్గలు కలవు. పూవు లేదు." మరునాడును అదే వ్రాసితిని. మూడవనాడు ఒక మొగ్గ పెద్దదైనట్లు తోచినది. నాలుగవనాడు ఆ మొగ్గయే కొన వడలి ముడుచుకొనిపోయి యుండెను. పదునొకండు దినములు ఇట్లు చూచి, పండ్రెండవ దినమున అర పేజీ సిద్ధాంతము వ్రాసితిని: ఈ పొదకు నీరు చాలుట లేదనియు, అందుచే మొగ్గలు విచ్చకుండగనే వాడుచున్నవనియు, అది వ్యాధిగ్రస్తమై యుండుననియు. ఆ సాయంకాలము నాలుగుగంటలకు తపాలాకచ్చేరి నుండి వచ్చుచు, అలవాటు చొప్పున గాక పనిమీద ఆ బాట పట్టితిని. పొద నిండ పూలు. ఒకటి కాదు రెండు కాదు, ఇరువదియారు. ఒక్కొక్కటి అంగుళము వెడల్పున, సాయంకాలపుటెండలో పసుపురాసిన గడపవలె మెరయుచున్నవి. తుత్తురుబెండ పూవు మధ్యాహ్నము తిరిగిన పిమ్మటనే విచ్చును. మరునాటి ఉదయమునకు ముడుచుకొనిపోవును. పదునొకండు దినములు నేను వ్రాసినది పొద చరిత్ర కాదు, నేను నిద్రలేచు వేళ చరిత్ర.

చిత్రమేమనగా, అదే గట్టున మోకాలెత్తున పెరుగు చిరుబెండ వేళలు దీనికి విరుద్ధములు. దాని చిన్న పూలు ప్రొద్దెక్కినప్పుడు విచ్చి, మధ్యాహ్నము దాటుసరికి మూతపడును. బలకు పూర్వాహ్ణము, అతిబలకు అపరాహ్ణము; ఒకే మట్టిలో, ఒకే తేనెటీగల కొరకు, అన్నదమ్ములు వంతులు వేసికొని అంగడి తెరచినట్లుండును. ఈ సంగతి తెలిసిన తరువాత నేను నియమము మార్చితిని. మీరును అట్లే చేయుడు: వారమునకు మూడు సారులు చాలును, కాని మూడును మూడు వేళలందు ఉండవలెను. ఒకటి సూర్యోదయమున, ఒకటి పది పదునొకండు గంటల నడుమ, ఒకటి సాయంకాలమున. ఉద్యోగస్థులకు ఇది కష్టమని నేనెరుగుదును. ఆదివారము ఒక్కటైనను మిట్టమధ్యాహ్నము వెళ్లుడు.

మొక్కల సంగతి యెట్లున్నను, మనుష్యుల విషయమున నేను చేసిన ఇట్టి తప్పు ఒకటి అప్పుడే మనస్సునకు వచ్చినది. మొదటి గంటలో తూగుచు కూర్చుండు ఒక పిల్లవానిని సోమరి యని పెక్కునాళ్లు అందరి యెదుటను పిలిచితిని. ఒక వేసవిలో పెండ్లికి పోవలసివచ్చి తొలి బస్సుకై తెల్లవారుజామున వెళ్లగా, పాలడబ్బాల నడుమ, తలకు తుండుగుడ్డ చుట్టుకొని, ఆ పిల్లవాడే లెక్కలు చెప్పుచు కనబడెను. వాడు నన్ను చూచి నవ్వి, నా సంచి అందుకొని బస్సులో పెట్టెను. వానిని నేను చూచినది దినమునకు ఒక్క గంట, అదియు వానికి నిద్ర వచ్చు గంట.

పుస్తకములో ఏమి వ్రాయవలెనన్నది తరువాతి ప్రశ్న. తొలి రెండు మూడు నెలలు విశేషణములను దరిచేరనీయకుడు. "మనోహరము," "అద్భుతము" అను మాటలు వ్రాసిన దినమున మీరు సరిగా చూడలేదని నిశ్చయించుకొనవచ్చును. ఆ మాటలు ఇంట కూర్చుండియు వ్రాయవచ్చును గదా. అంకెలు వ్రాయుడు, రంగులు వ్రాయుడు, ఏది దేని పైన, ఏది దేని క్రింద నున్నదో వ్రాయుడు. తెలియనిచోట తెలియదని వ్రాయుడు. బొమ్మ గీయుటకు వెనుదీయకుడు. నేను గీసిన ఆకు మొదట తమలపాకువలెను, పిమ్మట విసనకర్రవలెను ఉండెను గాని, గీయబోయినప్పుడే దాని అంచు నున్ననిది కాదనియు, చిన్న చిన్న పండ్లు కలదనియు తెలిసినది. వెళ్లని దినమున పుట ఖాళీగా విడువుడు. ఈ నియమమును నేను ఒక్కసారి అతిక్రమించితిని. ముసురు పట్టిన నాడు ఇంటనే యుండి, ఎప్పటివలెనే యుండును గదా యని, "పూలు ఏడు, ఆకుపచ్చకాయలు పండ్రెండు" అని వ్రాసి పెట్టితిని. మరునాడు వెళ్లి చూడగా పొద మొండిగా నిలిచి యున్నది; ముందునాటి ఉదయముననే ఎవరో కొమ్మలన్నియు నరికి మేకలకు వేసిరట. నా పుస్తకములో మాత్రము అవి యేడును ఇప్పటికిని పూచియే యున్నవి. ఆ పుటను చింపలేదు.

దగ్గరగా చూచుటకు ఒక చిన్న భూతద్దము కొనుడు. పిల్లలు ఆడుకొను సామాన్యమైనది చాలును. తుత్తురుబెండ ఆకు తమలపాకు ఆకృతిలో, పొడవైన కాడపై, తాకిన మఖమలు వలె మెత్తగా నుండును. ఆ మెత్తదనము ఎక్కడిదో కంటికి తెలియదు. అద్దము పెట్టగా ఆకంతయు చిన్న చిన్న నక్షత్రములు పరచినట్లు కనబడును, ఒక్కొక్క రోమము మొదటనే పలుపాయలై చుక్కవలె విచ్చుకొని యుండుటయే కారణము. ఆకును నలిపినచో జిగురు సాగును; వంటింట బెండకాయ తరిగినవారికి ఆ జిగురు పరిచితమే. పత్తి, బెండ, గోగు, మందారము, గంగరావి, ఇవి యన్నియు తుత్తురుబెండ చేరిన మాల్వేసీ కుటుంబములోనివే. ఆ చుట్టరికమునకు సాక్ష్యము పూవు నడుమ నున్నది: కేసరములు విడివిడిగా నిలువక, కాడలన్నియు కలిసి ఒక స్తంభమై, దాని కొనయందు పుప్పొడి గుత్తిగా నుండును. మీ పెరటి మందారము నొకటి కోసికొనిపోయి ప్రక్కన పెట్టి చూడుడు. మందారమున ఆ స్తంభము పొడుగుపాటిదై నాలుకవలె వెలికి చాచియుండును, తుత్తురుబెండలో పొట్టిది. మందారపు పూవునకు ఆకుపచ్చని గిన్నె క్రింద సన్నని రేకుల వలయము మరియొకటి యుండును. పత్తిపూవునకు ఆ వలయమే మూడు పెద్ద ఆకులై పూవును కప్పుకొని యుండును. తుత్తురుబెండకు ఆ రెండవ వలయము బొత్తిగా లేదు. పూవు కాడపై కొనకు కొంచెము దిగువగా చిన్న కణుపు మాత్రము కనబడును. ఇట్లు ప్రక్కప్రక్కన పెట్టి చూచుట యొక్క లాభమేమనగా, ఒక్కదానినే చూచువానికి ఉన్నవి మాత్రమే కనబడును. రెండింటిని చూచువానికి లేనివియు కనబడును.

కాయ సంగతి కొంత విస్తరించి చెప్పక తప్పదు, నాకు అన్నింటికంటె ప్రియమైనది అదియే. పూవు రాలిన పిమ్మట గిన్నె నడుమ ఒక చిన్న చక్రము తయారగును. దాని చుట్టును పదునైదు మొదలు ఇరువది వరకు పలుచని గదులు, గడియారములోని పండ్లచక్రమువలె, ఒకదాని వెన్ను ఒకటి ఆనుకొని నిలుచును. ప్రతి గదికిని బయటివైపు ఒక మొన. పచ్చిగా నున్నప్పుడు లేతాకుపచ్చ, ముదిరిన నల్లగోధుమ, ఎండిన పిమ్మట గదులు ఒకదానినొకటి విడిచి నోళ్లు తెరచును. వానలు వెనుకపట్టిన తరువాత చలికాలమంతయు మొగ్గ, పూవు, పచ్చికాయ, ఎండుకాయ, ఖాళీకాయ, ఈ అవస్థలన్నియు ఒకే కొమ్మపై ఒకేనాడు చూడవచ్చును. జీవితకాలమంతయు ఒక మూరెడు పుల్లపై వరుసగా వ్రేలాడుచుండగా, మనమేమో దారిన పోవుచు గొడుగు సవరించుకొనుచుందుము. గదుల లెక్క ప్రతి కాయకును ఒక్కటి కాదు. నేను నలువది కాయల లెక్క వ్రాసితిని గాని, రానున్న కాయకు ఎన్ని యుండునో ఒక్కసారియు రూఢిగా చెప్పలేకపోతిని.

ఎండుకాయ నొకదానిని తీసి, ఒక గదిని గోరితో చీల్చుడు. మూత్రపిండాకృతిగల నల్లని చిన్న గింజలు రెండో మూడో రాలును. ఇప్పుడు చిరుబెండ కాయను అట్లే చీల్చుడు. దాని గదిలో గింజ ఒక్కటే. సైడాకును అబ్యుటిలాన్‌కును నడుమ శాస్త్రజ్ఞులు పెట్టుకొనిన ముఖ్యమైన సరిహద్దు ఇదియే. అంత పేరుమోసిన లిన్నేయస్ పెట్టిన చోటు నుండి ఈ మొక్కను మరియొకరు లేపి వేరొకచోట కూర్చుండబెట్టుటకు ఆధారమైన సాక్ష్యము మీ గోటి క్రింద నున్నది. పుస్తకములో చదివి తెలిసికొనుటకును, గింజలను అరచేతిలో పోసికొని తెలిసికొనుటకును గల భేదమును మాటలతో చెప్పబూనుట వ్యర్థము, చీల్చి చూడుడు.

గింజలు చేతికి వచ్చిన పిమ్మట విత్తవలెనని బుద్ధి పుట్టుట సహజము. నేను ఇరువది గింజలను కుండలో చల్లి దినదినము నీరు పోసితిని. నెల గడచినను ఒక్కటియు మొలవలేదు. గట్టుమీద ఎవ్వరును పోషింపకున్నను కుప్పలుగా మొలచు మొక్క, నా కుండలో మొలవక పంతము పట్టుటకు కారణము గింజ పైపెంకు. ఈ కుటుంబములోని పెక్కింటి గింజలకు నీరు చొరనంత గట్టి పెంకుండును. తొలకరి నీటికి మోసపోయి అన్నియు ఒక్కసారి మొలచి, తరువాతి ఎండకు అన్నియు ఒక్కసారి మాడిపోకుండ, ఆ పెంకు ఒక్కొక్క గింజను ఒక్కొక్క కాలమున విడిచిపెట్టును. మీరు తొందరలో నున్నచో, గరుకు కాగితముపై గింజను మెల్లగా రుద్ది, పెంకు ఒకచోట కొంచెము పలుచబడగానే రాత్రియంతయు గోరువెచ్చని నీటిలో నానబెట్టుడు. గింజ ఉబ్బినచో నీరు చొచ్చినట్లే. గింజకు గుంటగానున్న ప్రక్కను తాకవలదు, మొలక అక్కడనే యున్నది. రెండవసారి నేనిట్లు చేసిన పది గింజలలో ఆరు, వారము తిరుగకుండ తలలెత్తినవి.

రుద్దనిచో ఎన్నాళ్లు వేచియుండును? తుత్తురుబెండ దాయాదియైన అబ్యుటిలాన్ థియోఫ్రాస్టి చీనాదేశమున నారకై పండించుచుండిన మొక్క. అమెరికాకు నార పంటగానే పోయి, నార మాట అటుండగా, మొక్కజొన్న సోయాచిక్కుడు చేలకు వదలని కలుపై కూర్చున్నది. దాని గింజలు మట్టిలో ఏబదియేండ్ల వరకు జీవించి యుండగలవని అచటివారు కనుగొనిరి. ఆ దేశముననే విలియం బీల్ అను వృక్షశాస్త్రాచార్యుడు 1879లో మిచిగన్‌లో ఇరువది సీసాలలో కలుపుమొక్కల గింజలను ఇసుకతో కలిపి పూడ్చిపెట్టి, అయిదేండ్లకొకటి చొప్పున త్రవ్వి మొలిపించి చూడవలెనని సంకల్పించెను. అనగా తాను చూడజాలని ఫలితమునకై ప్రయోగము ఆరంభించెను. 1924లో ఆయన మరణించెను; తరువాతివారు గడువును పదేండ్లకును, పిమ్మట ఇరువదియేండ్లకును పెంచి నడిపించుచునే యున్నారు. నూరేండ్ల పిమ్మట 1980లో తీసిన సీసాలో మొలచిన కొద్దిపాటి గింజలలో ఈ మాల్వేసీ కుటుంబపు మొక్కయొకటి యున్నది. ఇక్కడ ఓర్పును గూర్చి ఒక ఉపన్యాసము వ్రాయుటకు చేయి దురదపెట్టుచున్నది. వ్రాయను, ఓర్పునకు వేరే అధ్యాయము కలదు.

మరుసటి యేటి శ్రావణమాసమున నా సాధనకు పెద్ద దెబ్బ తగిలినది. సాయంకాలము వెళ్లుసరికి పొద వేళ్లతో సహా పెరికి బాటమీద పడవేసియున్నది. ప్రక్కచేను కౌలుకు చేయుచున్న రైతు గట్టుపై కలుపంతయు పీకి కుప్ప వేయుచుండెను. ఇన్ని నెలలుగా కనిపెట్టి చూచిన పొద; నాకు కోపము ఆగలేదు. "ఎవరి సొమ్ము తిన్నదయ్యా అది? నీకు దాని విలువ తెలుసునా?" అని కొంచెము గట్టిగనే కేకలువేసితిని.

అతడు కొడవలి క్రింద పెట్టి, మాటకు మాట చెప్పక, పడియున్న కొమ్మ నొకదానిని తీసి ఆకు వెనుకకు త్రిప్పి నా ముందు పెట్టెను. "ఇది చూడండి మాస్టారూ. ఏంటనుకుంటున్నారు?"

ఆకు అడుగున, ఈనెల మొదట, తెల్లని పొడివంటిది అంటియున్నది. "నూగు," అంటిని, తెలిసినవాని ధోరణిలో.

"నూగు కాదండీ, పిండినల్లి. ఇదిగో, ఇట్టా నలిపితే తడి వస్తది." నలిపి చూపెను. పిమ్మట ఒక పచ్చికాయను తుంచి, దానికున్న చిన్న రంధ్రమును చూపి, గోటితో చీల్చెను. లోపల ఒక మచ్చల పురుగు మెలికలు తిరుగుచున్నది. "పత్తి లేని రోజుల్లో ఇయ్యన్నీ దీంట్లో కాపురం ఉంటయ్. మనం పత్తి పెట్టంగానే చేలోకి దిగుతయ్. తెల్లదోమా అంతే. పత్తి చుట్టూ గట్ల మీద తుత్తురుబెండ ఉంచొద్దని ఆఫీసరు చెప్పకముందు మా నాయనే చెప్పాడు. మీరు దీన్ని పీకొద్దంటే మానేస్తా, కానీ నా ఎకరంన్నర చేను సంగతి మీరే చూసుకోవాల మరి."

ఇంటికి వచ్చి నోటుపుస్తకము తిరుగవేసితిని. వైశాఖమాసపు పుటలలో నాలుగు చోట్ల నా చేతి వ్రాతలోనే యున్నది: "ఆకు అడుగున తెల్లని పొడి, రోమములు ఇక్కడ దట్టము." చూచితిని, వ్రాసితిని, అద్దము కూడ పెట్టితిని, నక్షత్రరోమములను కనుగొన్న గర్వము కంటిలో నుండగా, నలిపి చూడవలెనని తోచలేదు. మొక్కపై నాకు పుట్టిన మమకారము దాని రోగమును చూడనీయలేదు. ఆ రైతునకు దానిపై మమకారము లేదు, భయమున్నది. భయమును ఒక్కొక్కప్పుడు మంచి భూతద్దమే. మరునాడు పోయి ఆయనకు క్షమాపణ చెప్పుకొంటిని. ఆయన అందుకు కొంత ఇబ్బందిపడి, "పోనియ్యండి మాస్టారూ," అని బీడీ వెలిగించుకొనెను. మీరు ఎంచుకొన్న పొద పత్తిచేనికి దగ్గరదైనచో, దానిని రక్షింపబూనకుడు, వేరొకదానిని వెదకికొనుడు. ఊరిబయట ఇటుకబట్టీల వైపునను, రైలుకట్ట ప్రక్కనను, పాడుగోడల మొదటను తుత్తురుబెండకు కొదువ లేదు.

ఆయన మరుసటి యేడు ఆ చేనిలో పత్తి మాని మొక్కజొన్న వేసెను. మోటబావి యొడ్డున ఎప్పటివలెనే పొద లేచినది, ఎవ్వరును పీకలేదు. పుష్యమాసమున ఒక సాయంకాలము నేను ఆ బాటన వచ్చుచుండగా, ఆయన బావి వరపై కూర్చుండి, మోకాలిపై కాయ నొకదానిని పెట్టుకొని వ్రేలితో ఏదో చేయుచుండెను. నన్ను చూచి లేవబోయి, మరల కూర్చుండి, ఆ కాయను ముందుకు చాచెను.

"పంతొమ్మిదండీ మాస్టారూ. నిన్నటిదానికి పదిహేడే."

నేను పుస్తకము తీసి, పెన్సిలు కొన నాలుకకు తడిచేసికొని, తేదీ వేసితిని.